సొన తుడిచిన రాళ్ళు

రాళ్ళ వయసు కట్టడం నా చదువు అంటే మా నూజివీడు బంధువులు ముందు నవ్వుతారు, తరవాత జాలిపడతారు. "కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, అదేనా అమ్మా?" అని మా మేనత్త నిండు పెళ్ళిలో అడిగింది. ఎలుక కూడా కాదత్తా, జిర్కాన్ అన్నాను. కంటికి ఆననంత గింజ. రాయిని పిండి కొట్టి, జల్లించి, కడిగి, చివరికి చిటికెడు గింజలు ఏరుకోవాలి. అత్త నన్ను అదోలా చూసి పక్క కుర్చీలోకి జరిగింది.

మామిడికాయల వ్యాపారి అయిన మా నాన్నకు మాత్రం ఓపిగ్గా చెప్పాను. జిర్కాన్ గింజ పుట్టేటప్పుడు కొంచెం యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు గుమ్మం తొక్కనివ్వదు. లోపలున్న యురేనియమే ఒక లెక్క ప్రకారం నెమ్మదిగా సీసంగా మారుతుంది. పెట్టె నిండా పచ్చికాయలే సర్ది మూత వేశామనుకో, తెరిచినప్పుడు ఎన్ని పండాయో చూస్తే మూత ఎప్పుడు వేశారో తెలిసిపోదా? "మందు పెట్టి పండిస్తేనో?" అన్నాడు నాన్న. మా ఇళ్ళల్లో అనుమానం ముందు పుడుతుంది, మనుషులు తరవాత పుడతారు.

చాట్రాయి దగ్గర మా తోట వెనక ఒక కొండ, కాస్త దూరంలో ఇంకో కొండ ఉండేవి. ఒకే రంగు, ఒకే రకం రాయి, చూడ్డానికి కవల పిల్లలు. నిజంగా కవలలేనా, కాకపోతే ఎవరు పెద్ద అని తేల్చడమే నా థీసిస్. తొందరెందుకంటే తోట వెనక కొండను కంకర క్రషర్ వాళ్ళు అప్పటికే చాలా వరకు మింగేశారు, రెండోదానికి కొత్తగా లీజు వచ్చింది. అభివృద్ధి అంటే కొండ ఎత్తు తగ్గడం, రోడ్డు ఎత్తు పెరగడమేగా. రెండు కొండల మీదా ఎండలో సుత్తి పట్టుకుని తిరిగి, మంచి రాళ్ళు కొట్టి, ఒక్కోదాని మీద నల్ల మార్కర్‌తో కొండ పేరు రాశాను. ఒక్కో కొండకు ఒక్కో గోనెసంచి. రెండూ మా మామిడి షెడ్డులో ఓ మూల పెట్టి యూనివర్సిటీకి వెళ్ళాను. అది సీజన్ మధ్యలో.

సీజన్ అయ్యాక తిరిగొస్తే నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "నీ సరుకు కూడా రెడీ చేయించానమ్మా" అన్నాడు.

మా షెడ్డులోకి ఏది వచ్చినా జరిగేది ఒక్కటే. ముందు సొన పోయేలా కడుగుతారు, ఎందుకంటే మచ్చపడిన కాయను ఎవరూ కొనరు. తరవాత సైజుల వారీగా ఏరి గడ్డిలో సర్దుతారు. నా రాళ్ళ మీద నల్ల మరకలు చూసి పాపం అందరూ బాధపడ్డారట. తొట్లో వేసి పీచుతో రుద్దారు, పోనివాటిని కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. చిరిగిన గోనెసంచులు పారేశారు. రెండు కొండల రాళ్ళూ ఒకే కుప్ప పోసి, ఏరి, ట్రేల్లో వరిగడ్డి పరిచి సర్దారు. మెరిసే రాళ్ళు పై వరసలో, వంకర రాళ్ళు అడుగున. రాళ్ళను కూడా పై వరస చూపించి అమ్మగల జాతి మాది.

"ఒక్కటి కూడా డామేజీ లేదండీ అమ్మాయిగారూ" అన్నాడు మేస్త్రీ.

నేను ఏడ్చాను. ఇందులో వెటకారం ఏమీ లేదు, ఆ ట్రేల మధ్య కూర్చుని నిజంగానే ఏడ్చాను. మళ్ళీ కొట్టి తెచ్చుకుందామంటే తోట వెనక కొండ ఉన్నచోట నీళ్ళ గుంట ఉంది. రెండో కొండ చుట్టూ కంచె వేసి, పేలుళ్ళ బోర్డు పెట్టారు. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. క్రషర్ దగ్గర కంకర కుప్పల్లో రెండు కొండలూ కలిసిపోయి ఉన్నాయి. వాళ్ళూ మా షెడ్డు పద్ధతే నేర్చుకున్నట్టున్నారు.

చేసేది లేక ఏ రాయి ఎక్కడిదో తెలియకుండానే అన్నింటి గింజలకూ వయసు కట్టించాను. రెండు గుంపులు విడివిడిగా తేలాయి. ఒక గుంపు బాగా పాతది. అంటే కవలలు కాదు. కానీ పెద్దది ఏ కొండ? 'రెండింటిలో ఏదో ఒకటి పెద్దది' అని థీసిస్ రాస్తే మా గైడు నన్నే తీసుకెళ్ళి క్రషర్‌లో వేస్తాడు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. నాన్న కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"మన షెడ్డుకి గచ్చు పోయించినప్పుడు రెండో కొండ ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కదా" అన్నాడు.

"అయితే?"

"ఆ కంకరంతా తోట వెనక కొండదే. నేనే దగ్గరుండి తోలించాను."

ఆ గచ్చంటే నాన్నకు ఎంత ప్రాణమో చెప్పాలి. దాని మీద ట్రే ఈడిస్తే కూలీలకు తిట్లు, చెప్పులతో నడిస్తే మాకు తిట్లు. మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని షెడ్డు నడిమధ్యకు వెళ్ళాడు. మేస్త్రీతో కొట్టించొచ్చు కదా అంది అమ్మ. "కడిగించింది నేను" అన్నాడు. పెళ్ళలు లేచేదాకా తనే పొడిచి, ఒక పెద్ద పెళ్ళ తన తువ్వాలులో పెట్టి నాకిచ్చాడు.

"దీన్ని తుడవలేదమ్మా" అన్నాడు.

సిమెంటు ఒలిచి కంకర ముక్కలు ఏరి ల్యాబ్‌కు పట్టుకెళ్ళాను. పాత గుంపుతో సరిపోయింది. తోట వెనక కొండే పెద్దది, వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాట. అంతటి పెద్దమనిషి నెత్తిన మేం నాలుగు రోజులుంటే కుళ్ళిపోయే రసాలను ఆరబెడుతున్నాం.

ఈ ఏడు సీజన్‌కు ముందు షెడ్డు గచ్చులో పడిన ఆ గుంట పూడ్పించమని అమ్మ పోరుపెట్టింది. నాన్న వినలేదు. "ఉండనీ. ఆ కొండ ఇంకెక్కడా కనపడదు" అన్నాడు. ఆ గుంటలో కాలు పడ్డప్పుడల్లా నేను తిట్టుకుంటూనే ఉన్నాను. పూడ్చమని మాత్రం అడగలేదు.