ఎనిమిది కన్నాల పెట్టె

కొరియాలో మొక్‌పో రేవు దగ్గర ఇస్త్రీ కొట్టు నడిపే బోంగ్-సూ తన అక్క పాట పెడితే, కింద వీధిలోని హోటల్లో తొట్టెలో ఉన్న ఆక్టోపస్‌లు ఎనిమిదేసి కాళ్లతో తాళం వేశాయి. సరే, అన్నీ వేయలేదు, రెండే. ఆ రెండూ అయినా తాళమే వేశాయో, నీళ్లు మారుస్తుంటే బెదిరి కాళ్లు కొట్టుకున్నాయో, తొట్టె కడుగుతున్న హోటలామె కూడా ఒట్టేసి చెప్పలేకపోయింది. ఆ పాటను పట్టడానికి బోంగ్-సూ పడ్డ అవస్థలో మాత్రం అదనంగా అతికించిన కాలు ఒక్కటీ లేదు.

బోంగ్-సూ పగలు చొక్కాలు ఇస్త్రీ చేస్తాడు, సాయంత్రం అక్క పాటకు డోలు వాయిస్తాడు. కొట్టు మీదే ఇల్లు. వెనక గది గోడలకు, ఎవరో ఉతకడానికిచ్చి మళ్లీ రాని దుప్పట్లన్నీ మేకులు కొట్టి తగిలించి, దాన్ని స్టూడియో అంటాడు. అక్క మల్-రే సంతలో మాగబెట్టిన టేకు చేప అమ్ముతుంది. ఆ వాసనకు పొరుగూరి వాళ్లు ముక్కు మూసుకుని పారిపోతారు. ఆవిడ గొంతెత్తితే ముక్కు మూసుకునే వెనక్కొస్తారు. చిన్నప్పుడు గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న పెద్ద కథాగానం ఒకటుంది ఆవిడకు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం చల్లారేదాకా సాగుతుంది. దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. అక్క ఎక్కడికి పోతుంది, తొందరేముంది అనుకున్నారు.

ఆ ఏడు అక్క గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు కోసి తీయాలన్నారు. ప్రాణానికి భయం లేదుగానీ, ఆ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాటివ్వలేమన్నారు. మల్-రే ఆసుపత్రి నుంచి తిన్నగా సంతకు వెళ్లి చేపలు కోసుకుంటూ కూర్చుంది. బోంగ్-సూ మాత్రం ఆ రోజు ఎవరిదో తెల్ల చొక్కా మాడ్చాడు.

మైకులోంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటరుకు అందించే పెట్టె ఒకటి ఉంటుంది, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. అతని దగ్గరున్నది కాస్త వేడెక్కితే చాలు, నత్తి పట్టి టకటకలాడేది. కొత్తది కొనడానికి క్వాంగ్‌జూ వెళ్లాడు. అక్కడ ఇలాంటి పెట్టెలమ్మే కొట్టు నడిపే యోంగ్-నాన్, ఒకేసారి ఎన్ని శబ్దాలు పట్టాలని అడిగింది. రెండన్నాడు, అక్క గొంతు, తన డోలు. మరి వినేవాళ్ల సంగతేమిటంది. వాళ్లను వీధిలోకి తోలి తలుపేస్తానన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, మైకు తగిలించే కన్నాలు రెండున్న పెట్టెల్లో మంచిది ఇచ్చి పంపింది.

ఆ ప్రాంతంలో పాట వినడమంటే ఊరికే కూర్చోవడం కాదు. పాటగత్తె ఊపిరి తీసుకున్న చోటల్లా డోలు వాయించేవాడు, వినేవాళ్లు "చోతా!" అని అరవాలి. బాగుంది, ఇంకా కానీ అన్నట్టు. బోంగ్-సూ మాత్రం రికార్డింగు పెట్టుకున్న ఆదివారం పక్కింటి మంగలి ప్యోను గుమ్మం తొక్కనివ్వలేదు, ఫ్రిజ్ తీగ పీకేశాడు, కాన్వెంటు మదర్‌లా తన నోటికే తాళం వేసుకున్నాడు. మల్-రే మొదలుపెట్టింది. కథలో నాయిక ఇంకా ఇల్లు దాటకముందే ఆపేసింది.

"ఏరా, నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?"

"మైకుంది కదక్కా. నేనరిస్తే నీ గొంతు మీద పడుతుంది."

"పడనీ. పుట్టినప్పటి నుంచీ పడుతూనే ఉన్నావుగా. ఇక్కడ ఎవరికి పాడాలి, దుప్పట్లకా? నా చేపలు నయం, చచ్చి కూడా వాసనతో బదులిస్తాయి."

అని లేచిపోయింది. బోంగ్-సూ ఆ కాస్తా పెట్టుకుని విన్నాడు. గొంతు శుభ్రంగా ఉంది, మచ్చ లేదు. గంజి పెట్టి తగిలించిన చొక్కాలా ఉంది, లోపల మనిషి లేడు.

అప్పుడు తెలిసింది, తను వీధిలోకి తోలింది సగం పాటనని. అక్కకొక మైకు, డోలుకు చెరో పక్కా రెండు, తన నోటికొకటి, వినేవాళ్లకు నాలుగు, మొత్తం ఎనిమిది. మళ్లీ క్వాంగ్‌జూ బస్సెక్కాడు.

"తోలినవాళ్లు తిరిగొచ్చారా?" అంది యోంగ్-నాన్.

రంగురంగుల దీపాలున్న పెట్టె మీద ఎనిమిది అని రాసి ఉంటే బోంగ్-సూ దాన్ని చంకన పెట్టుకోబోయాడు. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చూపించింది. మైకు తగిలించే కన్నాలు నాలుగే, మిగతా నాలుగూ కీబోర్డుల్లాంటి వాటికి. మైకు వాటిలో పెడితే చీమ గొణిగినట్టుంటుంది. తర్వాత అడుగున ఉన్న ఇంకో పెట్టె లాగింది. బరువు, గీతలు, ఒక మూల సొట్ట. ఎనిమిదికి ఎనిమిదీ మైకు కన్నాలే. ఏళ్లతరబడి ఒక చర్చిలో ప్రతి ఆదివారం పాటల బృందాన్ని మోసిందట. కంపెనీ వాళ్లు కొత్త కంప్యూటర్లకు సరిపడా దాని సాఫ్ట్‌వేరు ఇంకా మారుస్తూనే ఉన్నారట.

"వాడేసిందా? మా అక్కకు మళ్లీ పాడే వీలుండదమ్మా. ఇది మధ్యలో ఆగితే?"

"మీ ఇస్త్రీపెట్టె కొత్తదా?"

"పాతదే."

"మరెందుకు మార్చలేదు?"

అయినా బోంగ్-సూకు నమ్మకం కుదరలేదు. ఎనిమిది మైకులూ తగిలించి, రికార్డింగు పెట్టి, కొట్టు మూసేదాకా దాని పక్కనే కూర్చుంటానన్నాడు. నూడుల్స్ అక్కడికే తెప్పించుకున్నాడు. మధ్యమధ్యలో ఇస్త్రీపెట్టె కాక చూసినట్టు అరచేయి ఆనించి చూశాడు. గోరువెచ్చన, అంతకు మించలేదు. వచ్చినవాళ్లతో యోంగ్-నాన్, కొత్తగా పనిలో చేరాడు, ఇంకా మాటలు రావని చెప్పింది.

ఆ పెట్టె కొని తెచ్చాక, ఈసారి గది నిండింది. మంగలి ప్యో, హోటలామె, చేపల సంత ఆడవాళ్లు. ప్యో అయితే మల్-రే గొంతు సవరించుకోగానే "చోతా!" అన్నాడు.

"ఇంకా మొదలెట్టలేదురా దరిద్రుడా," అందావిడ, మొదలుపెట్టింది.

బోంగ్-సూ చేతులు డోలు మీద, కళ్లు పెట్టె మీది పచ్చ దీపాల మీద. చివరి ఘట్టంలో పైస్థాయికి వెళ్తూ ఆవిడ గొంతు ఒకచోట చీలింది. పడిపోతుందనుకున్నంతలో గదిలోవాళ్లంతా ఒక్కసారి "చోతా!" అని అరిచారు. ఆ అరుపు మీద కాలు పెట్టి ఎక్కినట్టు ఆవిడ పైకి వెళ్లిపోయింది. పెట్టె తొణకలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం బొంగురుపోయింది, పైస్థాయి అందలేదు. ఒక ముసురు రోజున బోంగ్-సూ ఆ రికార్డింగు పెట్టాడు. మల్-రే చేతులు కట్టుకుని, పరాయి మనిషి పాట విన్నట్టు విన్నది. ఆ చీలిక దగ్గరికొచ్చింది. పెట్టెలోవాళ్లు అరిచేలోపే, ఆవిడే బొంగురు గొంతుతో, "చోతా!" అంది. ఆక్టోపస్‌ల సంగతి అప్పటిదే. బోంగ్-సూ గోడకు వేలాడే దుప్పటి ఒకదాని చాటుకు వెళ్లి చాలాసేపు రాలేదు.

ఇది నిజమా అని ఎవరడిగినా బోంగ్-సూ ఇస్త్రీ మీంచి తల ఎత్తడు.

"అంతా అబద్ధం. ఆక్టోపస్‌లకు చెవులుండవు. నేను అసలు పెట్టెనే కొనలేదు, మా అక్కకు పాటే రాదు. దుప్పట్లకు చెమ్మ పట్టిందేమోనని చూడ్డానికెళ్లాను, అంతే."