షాఫ్టుకు రెండో చివర

వ్యాన్ల వెనక ఇరుసు విప్పి బాగుచేయడంలో మేస్త్రిని మించినవాడు ఆ వీధిలో లేడు. ఆ పని చేసేవాడే ఇంకొకడు లేడు కాబట్టి ఇందులో పెద్ద గొప్పేమీ లేదనుకోండి. కొత్త షెడ్లవాళ్ళు చప్పుడు వినగానే మొత్తం మార్చెయ్యమంటారు. మేస్త్రి అలా కాదు. బండి కిందికి దూరి వెల్లకిలా పడుకుంటాడు. షాఫ్టును ఇటూ అటూ కదిపి, లోపలి గేర్లలో పంటికీ పంటికీ మధ్య ఎంత సందు ఉందో వేళ్ళతోనే చెప్పేస్తాడు. చేతులు బంగారం, నోరు మాత్రం ఇనుప రజను. 'దేవుడు మీకు అన్నిచోట్లా గ్రీజు పెట్టి నాలుక్కి పెట్టడం మర్చిపోయాడు' అని భార్య అనేది.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి షెడ్డు వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. పొద్దున వండుకున్నదే సాయంత్రమూ తింటాడు. రెండో కంచం గోడకు ఆనించి అలాగే ఉంది, తియ్యబుద్ధి కాదు. రోజు మొత్తంలో ఆయన ఎక్కువగా మాట్లాడేది ఒక తాడుతో.

ఆ తాడు కథ కొంచెం చెప్పాలి. ఇంజను దగ్గరనుంచి వెనక ఇరుసుకు బలాన్ని మోసుకుపోయే పొడుగాటి షాఫ్టును దించాలంటే ఇద్దరు మనుషులుండాలి. ఒకరు బోల్టులు విప్పుతుంటే ఇంకొకరు రెండో చివర పట్టుకోవాలి. లేకపోతే అది దభీమని గుండెల మీద పడుతుంది. ఒకప్పుడు ఆ రెండో చివర మేస్త్రి బావమరిది పట్టుకునేవాడు. అంటే భార్య తమ్ముడు. అతను వెళ్ళిపోయి పదకొండేళ్ళు. అప్పటినుంచి బండి అడుగున కట్టిన తాడే రెండో మనిషి. 'సరిగ్గా పట్టుకో, నిద్రపోతున్నావా' అని దాన్ని తిడుతూ పనిచేస్తాడు మేస్త్రి.

ఒకరోజు పొద్దున్నే, ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే ఒక పాత వ్యాను షెడ్డు ముందు ఆగింది. రంగు మారింది గానీ మేస్త్రి దాన్ని పోల్చుకున్నాడు. బావమరిదికీ తనకూ చెడింది ఆ బండి దగ్గరే.

"యాక్సిలరేటరు వదిలితే చాలు వెనక మూలుగుతోంది మేస్త్రీ," అన్నాడు వ్యాను ఆసామి దిగుతూ. "ఎక్కడికెళ్ళినా ఇరుసు మొత్తం మార్చమంటున్నారు. ఇక తప్పక నీ దగ్గరికే వచ్చాను."

"తప్పక వచ్చావా? సంతోషం. రేపు మధ్యాహ్నం వచ్చి తీసుకుపో," అన్నాడు మేస్త్రి.

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఇరుసులోని నల్లటి నూనె డబ్బాలోకి వదిలాడు. తాడు కట్టి షాఫ్టు దించాడు. రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి జారేచోట, అంటే పళ్ళ జాయింటు దగ్గర, పేరుకున్న మట్టిని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

వెనకటి రోజుల్లో ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. జాయింటు లాగే ముందు బావమరిది రెండు ముక్కల మీదా పంచ్‌తో చెరో చుక్క కొట్టేవాడు. తిరిగి ఎక్కించేటప్పుడు చుక్కకెదురుగా చుక్క రావాలి. ఒక్క పన్ను తప్పినా బండి వణికి చస్తుంది. మేస్త్రి గుర్తు వేరు. తన చేత్తో మూసిన జాయింటు మీద, అంతా అయ్యాక, రెండు ముక్కలనూ కలుపుతూ ఉలితో ఒక గీత కొట్టేవాడు. అది ఆయన సంతకం. ఇతరులు బిగించినదాని మీద చచ్చినా కొట్టేవాడు కాదు.

ఇప్పుడు ఆ జాయింటు మీద రెండు గుర్తులూ ఉన్నాయి. చుక్కలు ఎదురెదురుగా బుద్ధిగా కూర్చున్నాయి. గీత మాత్రం మధ్యలో తెగి, సగం పక్కకు జరిగి ఉంది. సరిగ్గా ఒక్క పన్ను.

మేస్త్రి బండి కిందే లెక్క కట్టాడు. గీత ఉందంటే అప్పట్లో ఆ జాయింటును చివర మూసింది తనే. అది తెగి ఉందంటే, తను మూసినప్పుడు చుక్కలు కలవలేదు; తర్వాతెవరో విప్పి చుక్కలు కలిపారు. అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట ఈ బండి పని చేసిన రోజు బావమరిది బిగించేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. గ్రీజు తక్కువైందేమోనని తనకు అనుమానం. జాయింటు లాగాడు, గ్రీజు పెట్టాడు, తోశాడు, గీత కొట్టాడు. చుక్కల వైపు చూడనేలేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనికి చూడటమెందుకని.

మూడో రోజుకు వ్యాను వణుకుతూ తిరిగొచ్చింది. షాఫ్టు మధ్య బేరింగు పగిలింది, లోపల ఎవరిదో అద్దాల బీరువా కూడా పగిలింది. వీధి వీధంతా చూస్తుండగా మేస్త్రి బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"బావా, నేను చుక్కకి చుక్క చూసే బిగించాను," అన్నాడు అతను.

"అయితే షాఫ్టు దానంతటదే తిరిగిందా? నీలాంటి గుడ్డివాడికి పని నేర్పడం నాదే బుద్ధి తక్కువ!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. బావమరిది చేతిలో రెంచి కింద పెట్టి, చేతులు కడుక్కుని, తన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. 'పో, వాడి దగ్గరే బాగుచేయించుకో' అని మేస్త్రి ఆసామిని కూడా తరిమేశాడు. జాయింటు విప్పి చూసిన పాపాన పోలేదు. అక్క పోయిన రోజున బావమరిది వచ్చాడు. అందరికంటే వెనక నిలబడి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళాడు. వాడికి పొగరనుకున్నాడు మేస్త్రి.

ఆ రోజంతా ఇరుసు పని చేశాడు. పక్క కడ్డీలు లాగాడు, చుట్టూ నట్లు విప్పాడు, గేర్ల గుండును జాకీ మీద కిందికి దించాడు. చిన్న గేరు పినియన్ బేరింగు అరిగిపోయింది, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు చిరిగింది. రెండూ మార్చాడు. పెద్ద గేరు క్రౌన్ పళ్ళకు పలచగా రంగు పూసి తిప్పి, అచ్చు పంటి నడిమధ్య పడేదాకా పలచటి రేకులు మార్చి మార్చి వేశాడు. అంతసేపూ తాడును ఒక్క మాట అనలేదు. ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. చెప్పుకోవడానికి గోడకు ఆనించిన కంచం తప్ప ఏముంది?

మర్నాడు ఆసామి వచ్చాడు. షాఫ్టు ఇంకా కిందే ఉంది.

"పదకొండేళ్ళ కిందట ఈ బండి వణుకు ఎవరు సరిచేశారు?" అని అడిగాడు మేస్త్రి.

ఆసామి గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీ బావమరిదే. మా పెరట్లోకి వచ్చి, కొత్త బేరింగు తనే తెచ్చి వేశాడు. ఇప్పుడు పక్క ఊళ్ళో బస్సుల డిపోలో ఉన్నాడు. నంబరుంది, కావాలా?"

మేస్త్రి ఫోను చేశాడు.

"ఎవరూ?"

"నేనురా."

అవతల ఒక బస్సు ఇంజను ఆగింది. "చెప్పు బావా."

"ఆ వ్యాను వచ్చింది. జాయింటు తుడిచాను. నా గీత..."

"ఒక్క పన్ను తేడా," అన్నాడు బావమరిది.

"తెలిసీ చెప్పలేదేంరా?"

"చుక్కకి చుక్క చూసే బిగించానని ఆ రోజే చెప్పాను కదా. నువ్వు వినలేదు."

"కనీసం మీ అక్కకైనా చెప్పాల్సింది."

"చెబితే ఏమయ్యేది? మనిద్దరి మధ్యా నలిగిపోయేది. తప్పు నాదే అనుకుని నన్ను నాలుగు తిట్టి ఊరుకుంది. అదే నయం."

"తప్పు నాదేరా. అందరి ముందూ నిన్ను అన్నాను."

"సర్లే బావా. ఇప్పుడు రెండో చివర ఎవరు పట్టుకుంటున్నారు?"

"తాడు."

బావమరిది నవ్వాడు. "మంచిదేలే. ఎన్ని తిట్టినా ఇల్లు విడిచిపోదు."

"ఈ ఆదివారం ఒకసారి రాకూడదూ?"

"అక్క ఉన్నప్పుడు పిలవాల్సింది బావా. ఇప్పుడొచ్చి ఆ గదిలో ఏం చూడను?" అన్నాడు బావమరిది. "ఈసారి చుక్కలు చూసి బిగించు," అని పెట్టేశాడు.

మేస్త్రి ఫోను జేబులో వేసుకుని తిన్నగా ఎదురు టైర్ల షెడ్డుకు నడిచాడు. అందరి ముందూ అన్నవాడు అందరి ముందూ ఒప్పుకోవాలి. కానీ ఆ రోజు చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది టైర్ల ముసలాయన ఒక్కడే. మేస్త్రి ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వంగలేని మనిషిని వంగోబెట్టి గీత చూపించాడు.

"చూశావా? ఆనాటి తప్పు నాది. మా బావమరిదిది కాదు."

ముసలాయన గీత కేసి చూశాడు, మేస్త్రి మొహం కేసి చూశాడు. "నీకు బావమరిది కూడా ఉన్నాడా?" అన్నాడు.

మేస్త్రి బండి కిందికి దూరి తాడు బిగించాడు. పట్టుకోనా అని ఆసామి అడిగితే అక్కర్లేదన్నాడు. జాయింటు లాగి గ్రీజు పెట్టాడు. చుక్కకెదురుగా చుక్క తెచ్చి, మసక కళ్ళు రెండుసార్లు తుడుచుకుని చూసి, జాయింటు తోశాడు. నాలుగు బోల్టులూ బిగించాడు.

ఆసామి ఉలి అందించబోయాడు. "నీ గీత కొట్టవా మేస్త్రీ?"

"వద్దు. ఉన్నదాన్ని అలాగే ఉండనీ," అన్నాడు మేస్త్రి కిందనుంచే. "రేపు ఎవరైనా విప్పితే, తప్పు ఎవరిదో వాళ్ళకు తెలియాలి."