పెట్టె విప్పాక తిరిగిన మోటారు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మోటారు దానంతటదే తిరిగిందని ఎవరైనా అంటే, ఎక్కడో వైరు తగులుకుని ఉంటుందిలే అనేవాణ్ని. ఇప్పటికీ దయ్యమని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కొనకనమిట్ల దగ్గర ఒక ఊళ్లో తాగునీటి పథకం చూసుకునేవాణ్ని. సంపు, మోటారు ఊరి బయట షెడ్డులో ఉండేవి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఊరి నడుమ. రెండు చోట్లా ఒక్కో వైర్‌లెస్ పెట్టె. ట్యాంకు నిండితే అక్కడి పెట్టె షెడ్డులోని పెట్టెకు చెప్పి మోటారు ఆపేస్తుంది.

వాటిని బిగించింది సుధాకరన్న. మార్కాపురంలో ఆ పెట్టెల కంపెనీకి సూపర్‌వైజరు. నాకు పని నేర్పింది ఆయనే. మా అమ్మ చేతి అన్నం తిన్న మనిషి. ఫోనులోంచే పెట్టెను నడిపేలా నా పేరు మీద పాస్‌వర్డ్ పెట్టించి, “నువ్వు తప్ప దీంట్లోకి ఎవడూ పోలేడు రమణా” అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం మోటారును పంపుకు కలిపే కప్లింగ్ మార్చడానికి మెకానిక్ మస్తాన్ మామ వచ్చాడు. షెడ్డులో మెయిన్ స్విచ్ పాడైందని కంపెనీకి ఎన్నోసార్లు చెప్పాం, మార్చలేదు. అలాంటప్పుడు మోటారు తిరగకుండా పెట్టెలోనే లాక్ వేయమన్నది సుధాకరన్నే. నేను ట్యాంకు దగ్గర వాల్వు చూస్తున్నాను. ఫోనులో లాక్ వేసి, అది పడిందని మళ్లీ చూసుకుని షెడ్డులో ఉన్న మామకు ఫోన్ చేసి చెప్పాను.

“నీ మాట మీద చెయ్యి పెడతాండా” అన్నాడు మామ.

మోటారు తిరిగింది. మామ కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి.

పంచాయతీ ఆఫీసులో అందరి ముందు సుధాకరన్న ల్యాప్‌టాప్ తెరిచాడు. “నీ పేరుతోనే లాక్ తీసినట్టు చూపిస్తాంది తమ్ముడూ.”

“నేను తీయలేదన్నా. వీళ్లు నమ్మకపోయినా నువ్వన్నా నమ్ము.”

ఆయన తల ఎత్తలేదు. మామ భార్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

ఆ పెట్టె ఇక వద్దని సర్పంచి పట్టుబట్టాడు. విప్పడానికి సుధాకరన్న, నేను షెడ్డుకు వెళ్లాం. కట్టుతో మామ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పట్టపగలు. మోటారు స్టార్టరు నుంచి పెట్టెకు వచ్చే వైర్లన్నీ ఊడదీసి, యాంటెన్నా దించి, పెట్టెను నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్టార్టరు దగ్గర ఎవరూ లేరు.

మోటారు తిరిగింది.

కాసేపు తిరిగి, దానంతటదే ఆగింది. లైన్‌మ్యాన్‌ను పిలిచి కరెంటు తీయించి స్టార్టరు విప్పి చూశాం. లోపల అతుక్కున్నది లేదు, కాలినది లేదు.

“ఈ పిల్లోడు కాదు” అన్నాడు మామ, సుధాకరన్న వైపు చూస్తూ. “ఏందో ఉంది. నీకు తెలుసు.”

సుధాకరన్న నన్ను బండెక్కమన్నాడు. మార్కాపురం బస్టాండు దగ్గర టీ కొట్టులో నన్ను కూర్చోబెట్టి అప్పుడు చెప్పాడు. ఆ పెట్టెలన్నిట్లో తయారీలోనే పెట్టిన ఒక రహస్య పాస్‌వర్డ్ ఉందట. మార్చడానికి కుదరదు. అది తెలిసినవాడు ఎవడైనా లోపలికి దూరి, ఎవరి పేరుతోనైనా ఏ పనైనా చేయొచ్చు. కంపెనీకి ముందే తెలుసు.

“నీకు?”

“నాకూ తెలుసురా. నోరు మూసుకోమన్నారు. పిల్లలు గలోణ్ని.”

“అయితే నా పేరెందుకు చెప్పినావన్నా?”

ఆ పాస్‌వర్డ్ సంగతి పంచాయతీలో చెప్పమన్నాను. చెప్పలేదు. నేనే చెప్పాను. కొందరు నమ్మారు, మామ భార్య నమ్మలేదు. ఆ పని మానేశాను. మామ ఇప్పుడు ఎడమచేత్తో స్పానరు పట్టడం అలవాటు చేసుకుంటున్నాడు.

మొదటిసారి లోపలికి దూరింది ఎవరో ఇంతవరకూ తెలియదు. ఎలా దూరారో మాత్రం తెలుసు. రెండోసారి సంగతే అంతుపట్టదు. ఆ రోజు టీ కొట్టులో అదీ అడిగాను.

“పెట్టె నా ఒళ్లో ఉండె గదన్నా. మరి అదెట్ల తిరిగింది?”

“తెలీదురా. పిల్లల మీద ఒట్టు, తెలీదు” అన్నాడు.

ఆయన నాకు చెప్పిన మాటల్లో ఇప్పటికీ నేను నమ్మేది అదొక్కటే.