శ్రవణంలోనే పోయినాడు

సుబ్బయ్య పోయిన ఘడియ మంచిది కాదన్నాడు పంచాంగం చూసిన అయ్యవారు. పొద్దుగూకే వేళకు శ్రవణం దాటి ధనిష్ఠ వచ్చేసిందట. ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాల్సిందే. అంటే ఇంట్లోవాళ్లు ఖాళీ చేసి పోవాలి, వాకిలికి ముళ్లకంప అడ్డం వేయాలి, దీపమైనా పెట్టకూడదు. సుబ్బయ్య భార్య ఓబులమ్మ ఎదురు మాట్లాడకుండా సరేనంది. దినాలు ముగిసిన మర్నాడు ఆమె తమ్ముడు బొజ్జన్న రాయచోటి నుంచి తన లగేజీ ఆటో వేసుకుని మైదుకూరు వచ్చాడు, అక్క సామాను కట్టి తన ఇంటికి తీసుకుపోవడానికి.

బొజ్జన్న మంచివాడే. చెయ్యి పెద్దది, మనసు మెత్తన. నోరు మాత్రం ఆయన చేతిలో లేదు. ఆటో దిగింది మొదలు అయ్యవారిని తిట్టాడు, పంచాంగాన్ని తిట్టాడు, అందులో ఉన్న చుక్కలన్నిటినీ పేరుపేరునా తిట్టాడు. ఓబులమ్మ అవేవీ చెవిన వేసుకోకుండా పాత చీరలో సత్తు గిన్నెలు మూటకట్టుకుంటూ కూర్చుంది.

ఆ ఇంటి ముందు పంచలో బొరుగుల బట్టీ ఉంది. ఓబులమ్మ బతుకంతా ఆ మట్టి బట్టీ ముందే గడిచింది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త దగ్గర నేర్చుకుంది. శెనక్కాయ పొట్టు మంట కింద ఎగదోస్తూ, బాణలిలో ఇసుక కాగాక ఉప్పునీళ్లు పట్టించిన బియ్యం పోసి గరగరా కలిపితే అవి మల్లెమొగ్గల్లా విచ్చేవి. వెంటనే జల్లెడ పట్టాలి, క్షణం ఆలస్యమైతే మాడిపోతాయి. ఊళ్లో బొరుగులు తడిపి, తాలింపు పెట్టి ఉగ్గాని చేసే హోటళ్లన్నీ ఆమెవే కొనేవి. నీళ్లలో తడిపినా ముద్దగావని పేరు. సుబ్బయ్యకు పక్షవాతం వచ్చి మంచం పట్టాక ఆ బట్టీయే మొగుడికి మందైంది, ఇద్దరికీ కూడైంది.

గిన్నెలన్నీ ఆటో ఎక్కాయి. బొజ్జన్న బాణలి, జల్లెడ కూడా ఎత్తబోయాడు.

"అవి యాడికిరా? ఈడే ఉండనీ. ఆరు నెల్లే కదా, మళ్లా వచ్చి బట్టీ ఎలిగిస్తా. నా హోటలోళ్లు అంతదాకా ఓర్చుకుంటామని చెప్పినారు."

"శానా ఆశపడతాండావక్కా. నువ్వు గడప దాటితే చాలు, నీ మరిది చిన్న ఈరన్న ఇల్లు కాజేస్తాడు, చూడు కావాలంటే."

"ఈరన్న అట్లాంటోడు కాదు."

ఆ మాటకు బొజ్జన్నకు ఒళ్లు మండింది. "అందరూ మంచోళ్లే నీకు! బావ మాత్రం తక్కువా? బతికినన్నాళ్లు మంచంలో పడి నిన్ను సతాయించినాడు. పోయేటప్పుడన్నా మంచి ఘడియ చూసుకోకూడదా?"

ఓబులమ్మ మూట వదిలేసి లేచింది. "ఆయన్ననద్దు! ఆయన మంచి ఘడియలోనే పోయినాడు. మధ్యాన్నం పోయినాడు, శ్రవణంలో. ధనిష్ఠలో చచ్చింది నేను."

బొజ్జన్నకు అర్థం కాలేదు. ఓబులమ్మ వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. ఆ పొద్దు పై వీధి తిరుపాలమ్మ ఇంటి బియ్యం బట్టీకి వచ్చాయి. మర్నాడు ఆమె మనవరాలిని ఉయ్యాల్లో వేసే పండగ. మధ్యాహ్నం గంజి తాగిద్దామని లోపలికి పోతే సుబ్బయ్యలో ఊపిరి లేదు. బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించేసి ఉంది. నోరెత్తి ఏడిస్తే వీధంతా వస్తుంది, బట్టీ ఆర్పేస్తారు, బియ్యం పాడవుతాయి, పండగ చెడుతుంది.

"పొద్దున తెలివొచ్చినప్పుడు ఆయన అడిగిన మాట ఒగటేరా. తిరుపాలమ్మ బియ్యం అయిపోయినాయా మే, అని. ఇంగేం మాట్లాడలా. అందుకే దుప్పటి కప్పి వచ్చి బట్టీ కాడ కూచున్యా. బస్తా కట్టి, వాళ్లు తీసకపోయినాకే అరిచినా."

"అంతసేపూ ఎట్లున్యావక్కా?"

"ఏడ్చుకుంటానే ఏయించినా. బట్టీ కాడ కన్నీళ్లొస్తే ఎవురడుగుతారురా? పొగనుకుంటారు."

బొజ్జన్న గట్టిగా ముక్కు చీదాడు. తర్వాత బుర్ర పని చేసింది. "అట్లయితే ఇల్లు పాడుపెట్టే పనే లేదు కదక్కా! చెప్పేస్తే సరిపాయ!"

"చెప్తే? పీనుగింట్లో ఏయించిన బొరుగులు పసిబిడ్డ పండగలో పంచిపెట్టినారని తెలిస్తే, ఇంగ నా చేతివి తినేదెవరు? ఆరు నెల్లు కండ్లు మూసుకుంటే పోతాది. నోరు మూసుకో. నా మీద ఒట్టు."

బొజ్జన్న ఒట్టు వేశాడు. పాపం, నిలుపుకోవాలనే వేశాడు.

ఎండ తలకెక్కే వేళకు చిన్న ఈరన్న కంప ఈడ్చుకుంటూ వచ్చాడు. వెనకే ఇరుగుపొరుగు వచ్చారు. తిరుపాలమ్మ కూడా మనవరాలిని భుజాన వేసుకుని, దారిలో తింటారని స్టీలు టిఫిను డబ్బా నిండా ఉగ్గాని చేసి తెచ్చింది. ఓబులమ్మ చేతిలో పెట్టి, "పండగనాటి బొరుగులే మే, ఇంగా కరకరమంటాండాయి. నీ చెయ్యి సల్లగుండ, తొందరగా వచ్చేయ్" అంది. ఓబులమ్మ టిఫిను పట్టుకుని తల దించుకుంది.

ఈరన్న పంచ వైపు చూశాడు. "వదినా, బట్టీ మీద రేకులు కప్పిస్తా, వానకు కరిగిపోకుండా. ఆ పక్కన నా గొర్లు నాలుగు కట్టేసుకుంటా."

రేకుల మాట బొజ్జన్న చెవిలో పడలేదు. గొర్లు మాత్రం పడ్డాయి. "చూసినావా అక్కా, అప్పుడే గొర్లు తోలుతాండాడు!" అని ఆటో మీద నుంచి దూకాడు. "ఏమప్పా ఈరన్నా, యాడ పాడుపెట్టేది? ఎవురిల్లు పాడుపెట్టేది? మా బావ శ్రవణంలోనే పోయినాడు! మధ్యాన్నమే పోయినాడు! పోయి మీ అయ్యవారిని అడుగు!"

బొజ్జన్నకు తను అన్న మాట గాలిలోంచి పట్టుకుని వెనక్కి మింగేయాలనిపించింది.

తిరుపాలమ్మ మెల్లగా అడిగింది. "మధ్యాన్నమా? మేము బొరుగులు తీసకపోయింది పొద్దుగూకినాక కదమ్మే?"

"మా తమ్మునికి తెలీదు" అని ఓబులమ్మ ఒక్క మాటంటే అయిపోయేది. బొజ్జన్న అక్క మొహంలోకి చూస్తూ లోపల్లోపల మొక్కుకున్నాడు. ఓబులమ్మ బిడ్డను చూసింది. "నిజమే" అంది.

చిన్న ఈరన్న కంప కింద పడేశాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అట్లయితే ఉండు వదినా. దీపం పెట్టుకో. నిన్ను కదలమనేదెవరు?" అన్నాడు. ఈరన్న మంచివాడేనని బొజ్జన్నకు అప్పుడు తెలిసింది. అప్పుడు తెలిసి ఏం లాభం?

తిరుపాలమ్మ ఓబులమ్మ చేతిలోంచి టిఫిను తిరిగి తీసుకుంది. మూత తీసి, ఉగ్గాని మొత్తం కాలవలో దులిపేసింది. చీర చెంగుతో బిడ్డ మూతి తుడిచింది, తుడిచిందే మళ్లీ తుడిచింది. తుడుస్తూనే వీధి మలుపు తిరిగింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే ఓబులమ్మ వైపు చూడకుండా వెళ్లిపోయారు.

బొజ్జన్న ఏం చేయాలో తెలియక ఆటోలోంచి గిన్నెల మూట దించబోయాడు.

"దించొద్దు" అంది ఓబులమ్మ.

పంచలోకి పోయి బాణలి ఎత్తుకొచ్చి ఆటోలో పెట్టింది. మళ్లీ పోయి జల్లెడ తెచ్చింది. బట్టీ ముందు కాసేపు నిలబడి, అరచేత్తో దాన్ని ఒకసారి తడిమి వచ్చింది. తర్వాత కింద పడున్న కంప తనే ఎత్తి వాకిలికి అడ్డం వేసింది. ముళ్లు గీరుకుని చేతి మీద రక్తం వచ్చింది, తుడుచుకోలేదు.

"అక్కా, ఇల్లు నీదేనని ఈరన్న చెప్పినాడు కదా! ఉండొచ్చు కదక్కా" బొజ్జన్న ఏడుపు గొంతుతో అన్నాడు.

ఓబులమ్మ మూటల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. తమ్ముడి మీద కోపం కూడా లేదు ఆ గొంతులో.

"ధనిష్ఠే అయ్యింటే ఆరు నెలలకు తిరిగొచ్చేదాన్ని రా. పద, పోదాం."