పేరు లేకుండ ఎట్ల చస్తడు?

హైదరాబాదు కార్వాన్‌లో మా ఇంటి పక్కన కత్తులకు సాన పట్టే ముసలాయన ఉండేవాడు. అప్పుడు నిజాం రాజ్యం. నేను గుమస్తాగా ఉన్న సర్కారు కచేరీకి శుక్రవారం సెలవు. ఆ రోజు ఆయనకు అద్దెకు తెచ్చిన ఉర్దూ నవల చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. డబ్బు తీసుకుని మనుషుల్ని చంపి, తరువాత ఆ పని మానేసిన ఒకడి కథ అది. భాగాలు భాగాలుగా వచ్చేది. పాత శత్రువులు వెంటపడితే వాడు మళ్లీ కత్తి పట్టేవాడు.

కథలో ఎవడు చచ్చినా ముసలాయన అరచెయ్యి పుస్తకం మీద పెట్టేసేవాడు.

“ఆగు. వాని పేరేంది?”

“రాయలే తాతా. ఎవడో చౌకీదారు.”

“పేరు లేకుండ ఎట్ల చస్తడు?”

కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఈ గోలేమిటని నాకు చిరాకు. ఏదో ఒక పేరు కల్పించి చెప్పేవాణ్ణి. ముసలాయన దాన్ని ఒకసారి మెల్లగా పలికి, చెయ్యి తీసేవాడు.

ఆఖరి భాగం ముగించి పుస్తకం మూశాను. ఆయన చెయ్యి వచ్చి అట్ట మీద పడింది.

“ఇంకొక్క పేరు చెప్పు బిడ్డా. నా చేతికి కత్తిచ్చి మనిషిని చూపిచ్చిన్రు గని, పేరు చెప్పలే.”

అంతమందికి పేర్లు పెట్టిన నాకు ఆ రోజు ఒక్కటీ తోచలేదు.