కుండలో దాచిన బిళ్ళ బ్యాటరీ

మా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది ఒక బిళ్ళ బ్యాటరీకి... నవ్వకండి. రూపాయి బిళ్ళంత ఉండేది. దాన్ని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని మరీ రావాలి.

అది మా చెల్లి చెంగమ్మ షుగర్ మీటర్‌లోది. మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నాయన వేటకి పోయేవాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. చెంగికి ఆరేళ్ళప్పుడు షుగర్ వచ్చింది. అంత చిన్నపిల్లకి షుగరేంటని ఊరంతా ముక్కున వేలేసుకుంది. సూది రోజూ తప్పదు. వారానికి రెండుసార్లు మాత్రం వేలు పొడిచి, చుక్క రక్తం పట్టీ మీద పెట్టి, మీటర్‌లో నంబరు చూసేవాళ్ళం. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎవరినో అడిగి ఇప్పించిన మీటరది.

మొదటి బ్యాటరీని నేనూ చెంగీ కలిసి ఆటల్లోనే అవగొట్టేశాం. బటన్ నొక్కితే పాత నంబర్లు ఒక్కొక్కటే వచ్చేవి, వెనక నీలం లైటు వెలిగేది... దుప్పటి కప్పుకుని అదే మా సినిమాగా చూసేవాళ్ళం. నెల తిరక్కుండానే అయిపోయింది. కొత్తది కావాలంటే గూడూరు వాచీల కొట్టుకి పోవాలి. నాయన ఒకరోజు వేట మానుకుని వెళ్ళి తెచ్చాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో కట్టుబాటు. నంబరు చూడగానే బ్యాటరీ తీసెయ్యాలి. టార్చిలైటు సెల్లులు తడవకుండా వేటకి తీసుకుపోయినట్టే, నాయన దాన్ని పాలప్యాకెట్ ముక్కలో చుట్టి, వలదారంతో ముడేసి నా చేతికిచ్చాడు.

"పెద్దదానివి నువ్వు. ఇది నీ పూచీ మే. చెల్లెల్ని చూసుకున్నట్టు చూసుకో."

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గర్వంతో ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మాకు ఫ్రిజ్ లేదు. చెంగి మందుసీసాని మట్టికుండలో తడి ఇసుక పోసి అందులో పెట్టేవాళ్ళం. చల్లగా ఉంటే మందు ఎక్కువ రోజులు ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నా బుర్రలో పడింది... ఎండాకాలం, రేకుల ఇల్లు పెనంలా కాలుతోంది. మందుకి మంచిదైన చల్లదనం బ్యాటరీకి మాత్రం మంచిది కాదా అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి కుండలో సీసా పక్కన పెట్టాను. కవర్లో ఉంటే చల్లదనం తగలదని ముడి విప్పేసి, బ్యాటరీని ఒట్టిగానే తడి ఇసుకలో పూడ్చాను. ఎంత తెలివో చూడండి.

మూడు రోజులైంది. నాయన వేటలో ఉన్నాడు. పొద్దున అమ్మ సూది వేసింది. చెంగి సద్దన్నం వద్దని మారాం చేసి ఆటకి పోయింది. కాసేపటికి వచ్చి గడప దగ్గర కూలబడింది... ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, ఏదో అర్థంకాని మాట.

"మీటరు తే మే!" అమ్మ అరిచింది.

కుండలో చెయ్యి పెట్టాను. బ్యాటరీ తుప్పు పట్టి, అంచులు తెల్లగా పొక్కిపోయి వచ్చింది. పరికిణీకి తుడిచాను. మీటర్‌లో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను... నంబరు రాలేదు.

పక్కింటి పోలమ్మత్త పిడికిట్లో చక్కెర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అమ్మ ఆ చెయ్యి తోసేసింది.

"షుగరు బిడ్డకి చక్కెర పెడతావా వదినా? నంబరు తెలీకుండా ఎట్టా పెట్టేది? ఎక్కువైందేమో... మనమే చంపేసినట్టు అయితాది!"

వణికితే తీపి పెట్టమని డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. కానీ మొదటిసారి చెంగి పడిపోయింది షుగర్ పెరిగే. ఆ భయం అమ్మని వదల్లేదు.

ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి చెంగి కళ్ళు తేలేసింది. అక్కడి డాక్టరు నంబరు చూసి, "సూది వేశాక తినక షుగర్ బాగా పడిపోయిందమ్మా... ఇంటి దగ్గరే కాస్త చక్కెర పెట్టుంటే..." అని ఆగిపోయాడు. సాయంత్రానికి మా చెంగి లేదు.

అన్నీ అయ్యాక నాయన ఆ తుప్పు బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"దీన్ని తడిలో ఎవరు పెట్టినారు?"

అమ్మ నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనే," అంది.

ఆ తర్వాత నాయన అమ్మతో అవసరానికి మించి మాట్లాడలేదు... ఏళ్ళ తరబడి. ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. నేను అది చూస్తూనే పెరిగాను. నిజం చెప్పాలనుకోని రోజు లేదు, చెప్పిన రోజూ లేదు. పిరికిదాన్ని.

నా పెళ్ళికి ముందురోజు అమ్మని పట్టుకుని ఏడ్చాను. "ఎందుకమ్మా అట్టా చెప్పినావు?"

"ఒక బిడ్డ పోయింది గదా మే... రెండోదాన్ని కూడా పోగొట్టుకోమంటావా?"

పోయినేడు అమ్మ చనిపోయింది.

ఇప్పుడు బిళ్ళ బ్యాటరీలు కిరాణా కొట్లో షాంపూ ప్యాకెట్ల పక్కన వేలాడుతున్నాయి. మీటర్లు పని అయ్యాక వాటంతటవే ఆరిపోతున్నాయి. పిల్లల చేతికి చిన్న సెన్సార్ అతికిస్తే చాలు, నంబరు ఫోన్‌లోనే కనిపిస్తోంది. అయినా చెప్తున్నాను... షుగర్ మందు వాడే మనిషికి చెమటలు పట్టి వణుకుతుంటే, మీటర్ పనిచెయ్యకపోతే, మింగగలిగితే ముందు తీపి పెట్టండి. నంబరు కోసం ఆగకండి.

నాయనకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయనకీ షుగర్ వచ్చింది. వారం వారం నేనే వెళ్ళి వేలు పొడిచి చూస్తాను. ప్రతిసారీ మాట నోటిదాకా వస్తుంది... ఆయన "ఎంతుంది మే?" అంటాడు, నేను నంబరు చెప్పి లేచి వచ్చేస్తాను. తప్పు అమ్మదే అనుకుంటూ ఆయన వెళ్ళిపోకూడదు.

మీకు ఇంత రాయగలిగాను గానీ, ఆయన ముందు మొదటి మాట రావడం లేదు. మీలో ఎవరైనా చిన్నప్పటి తప్పుని ఇంత ఆలస్యంగా ఒప్పుకుని ఉంటే... ఎలా మొదలుపెట్టారో కింద రాయండి. ఆదివారం మళ్ళీ నాయన దగ్గరికి వెళ్ళాలి.