అవనిగడ్డ దాటాక

నన్ను మెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. గుడివాడ బజార్లో కూరగాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒకరు ఆగి, సముద్రం దాకా పరిగెత్తింది మీరే కదండీ అంటారు. పక్కవాళ్లకి చూపిస్తారు. నేను నవ్వుతాను. మూడేళ్లుగా ఆ నవ్వు నవ్వుతూనే ఉన్నాను, దాని కింద ఉన్నదాన్ని మోస్తూనే ఉన్నాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు, చుట్టూ తిప్పి ఏదో గొణిగాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే నోరు పెగులుతోంది. చదివాక "ఇంతేనా, దీనికే ఇంత బాధా" అని మాత్రం అనకండి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. పని చేయలేదు.

సువార్తక్క నా తోడికోడలు, మా బావగారి భార్య. ఇద్దరిదీ ఒకే వీధి. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, నేను ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. పరుగు నా ఆలోచన కాదు. ఈ సంగతే ఎవరికీ గుర్తు లేదు. రోజంతా మిషన్ ముందు కూర్చుని నడుం పట్టేస్తోందని అక్కే మొదలుపెట్టింది. చున్నీ అడ్డంగా బిగించి కట్టుకుని, పొద్దున్నే కాలవ గట్టు మీద పరిగెత్తేది. తోడుకి నన్ను లాక్కెళ్లింది. గట్టున నిలబడి పళ్లు తోముకునే పెద్దమనుషులు, బస్సు తప్పిపోయిందా అమ్మా అని అడిగేవారు. నేను తల వంచుకునేదాన్ని. అక్క మాత్రం, అవునండీ, మీకు కనబడితే కాస్త ఆపి ఉంచండి అనేసి ముందుకు పోయేది. మిషన్ ముందు వంగి కూర్చునే ఆ మనిషి పరుగులో ఎంత నిటారుగా ఉండేదో! ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను మరెప్పుడూ చూడలేదు. ఆ సంతోషాన్ని పోగొట్టింది నేను. అసలు విషయం ఇదే. మిగతాదంతా ఎలా పోగొట్టానన్న వివరం.

మా చర్చి సంఘంలో జనవరి ఒకటో తేదీ ఆరాధనలో ఇంటికొకరు లేచి సాక్ష్యం చెప్పాలి. గడిచిన ఏడాదికి కృతజ్ఞత, రాబోయే ఏడాదికి తీర్మానం. మైకులో చెప్పిన తీర్మానం దేవుడి సన్నిధిలో ఇచ్చిన మాట కింద లెక్క. మళ్లీ జనవరి ఒకటికి లేచి, అది ఏమైందో చెప్పి తీరాలి. ఆ ఏడాది అక్కా నేనూ ముందే అనుకున్నాం. మా అత్తగారి ఊరు మొవ్వ నుంచి చల్లపల్లి దాకా ఆగకుండా పరిగెత్తాలని, అంతే చెప్పాలని. నా ముందు లేచినావిడ కొడుక్కి మెడికల్ సీటు వచ్చిందని చెప్పింది. ఒకటే చప్పట్లు. మైకు నా చేతికొచ్చింది. చల్లపల్లి అన్న మాట నోట్లోనే ఆగిపోయింది. మొవ్వ నుంచి పాలకాయతిప్ప దాకా, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు దాకా, నేనూ మా అక్కా ఈ డిసెంబరులోగా పరిగెత్తుతాం అన్నాను. వెనక నుంచి అక్క నా కొంగు లాగుతూనే ఉంది. మారథాన్ కంటే కూడా ఎక్కువే ఉంటుందండీ అని ఇంకో మాట చేర్చాను. ఎవరు అడిగారు నన్ను? ఆవిడ కాళ్ల తరఫున మాటివ్వడానికి నేనెవర్ని?

అక్క తిట్టలేదు. సరే, మాటన్నాక పరిగెత్తాలి కదా అంది. ఏడాదంతా తయారయ్యాం. శనివారాలు బందరు వెళ్లి ఇసుకలో కూడా పరిగెత్తాం. డిసెంబరులో ఒకరోజు మంచు విడవక ముందే మొవ్వలో బయలుదేరాం. బావగారు బండి మీద నీళ్లు పట్టుకుని వెనకాలే వచ్చారు. మా ఆయన, పాస్టరుగారు, సంఘంవాళ్లు కొందరు కారు వేసుకుని ముందే సముద్రం దగ్గరికి వెళ్లిపోయారు. చల్లపల్లి దాటాం. మోపిదేవి దాటాం. అవనిగడ్డలోకి వచ్చేసరికి అక్క కుంటుతోంది. ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని షూ విప్పితే మేజోడు తడిసి ఎర్రగా ఉంది. నువ్వెళ్లు, మాటన్నావు కదా అంది. బావగారు ఆవిడను బండెక్కించుకుని మొవ్వ తీసుకెళ్లిపోయారు.

నేను ఒక్కదాన్నే మిగిలాను. కోడూరు దాకా కూడా వెళ్లలేదు. ఊరు ఇంకా కనపడకముందే నా కాళ్లు మొరాయించాయి. రోడ్డు పక్కన కూలబడ్డాను. రొయ్యల చెరువులకి ఐసు తీసుకెళ్లే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఆ డ్రైవరు పాపం, ఎక్కండమ్మా అన్నాడు. ఎక్కాను. ఎందుకు ఎక్కానని మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. నొప్పి వల్లనా? కాదు. నొప్పికైతే అక్కడే ఫోన్ చేస్తే మా ఆయన కారు తెచ్చేవాడు. సముద్రం దగ్గర ఎదురుచూస్తున్న వాళ్ల కోసం ఎక్కాను. తడి గోనెసంచుల మీద చేతులు ఆనించి కూర్చున్నాను. సరుగుడు తోటలు వచ్చాక దిగి, తలమీద సీసాడు నీళ్లు పోసుకుని, అక్కణ్నుంచి ఇసుకలోకి పరిగెత్తాను.

ఈలలు, చప్పట్లు, ఫోన్లు. పాస్టరమ్మగారు నా చేతులు పట్టుకుని ఆశ్చర్యపోయింది. ఇంత దూరం పరిగెత్తి వచ్చిన పిల్ల చేతులు ఇంత చల్లగా ఉన్నాయి, చూడండి దేవుని కృప అంది. ఐసండీ అది! రొయ్యల ఐసు! మూడేళ్లుగా నా గొంతులో ఆ మాట అరుస్తూనే ఉంది. ఆరోజు నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి స్తోత్రం అన్నాను.

జనవరి ఒకటి రానే వచ్చింది. సాక్ష్యం చెప్పాను. చల్లటి చేతుల సంగతి కూడా చెప్పాను. మీరు నమ్మరు, ఆ అబద్ధం చెబుతుంటే నాకు నిజంగానే కన్నీళ్లు వచ్చాయి. తర్వాత అక్క లేచింది. అవనిగడ్డలో ఆగిపోయానండీ, కాళ్లు రాలేదు అని ఉన్నమాట చెప్పి కూర్చోబోయింది. కూర్చోనివ్వలేదు. బస్సు వెనక నాలుగడుగులు కూడా పరిగెత్తి ఎరగని మనుషులు విశ్వాసం గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఒకే దారి, ఒకే ప్రార్థన, ఒకరు చేరారు, ఒకరు చేరలేదు, తేడా ఎక్కడుందో ఆలోచించుకో తల్లీ అన్నారు పాస్టరుగారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ మాటకి ఆయన మీద నాకు ఈరోజుకీ కోపమే. తేడా ఎక్కడుందో నాకు తెలుసు కదా! అక్కను ముందుకు పిలిచి మోకరించమన్నారు. ఆవిడ విశ్వాసం బలపడాలని ప్రార్థన చేయమన్నారు, నన్ను. నేను ఆవిడ తలమీద చెయ్యి పెట్టాను. గట్టిగా, చక్కగా, ఎక్కడా తడబడకుండా ప్రార్థించాను.

అప్పుడైనా ఆగి ఉంటే! అంతకంటే పెద్ద పాపం ఇంకా ముందుంది. వారం తిరిగాక జాకెట్టు కొలతలు ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. అక్క మిషన్ ఆపి నావైపు తిరిగింది.

"అమ్మాయ్, ఒకటడుగుతాను, నిజం చెప్పు. అవనిగడ్డ దాటాక దారెలా ఉంటదే? ఎంత దూరం అనిపించింది నీకు?"

"ఎందుకక్కా ఇప్పుడు?"

"ఈ ఏడు మళ్లీ వెళ్దామనుకుంటున్నాను. మీ బావకి కూడా చెప్పలేదింకా. చేరగలనో లేదో తెలుసుకుందామని."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. గదిలో మేమిద్దరమే. నేనేమన్నానో తెలుసా?

"పెద్ద దూరమేం లేదక్కా. అవనిగడ్డ దాటితే అయిపోయినట్టే. ఇట్టే వచ్చేస్తది సముద్రం."

ఆటోలో వెళ్లినదానికి అలాగే ఉంటుంది మరి. అక్క చేతిలో గుడ్డ మడిచి మిషన్ మీద పెట్టింది.

"అంత దగ్గరకొచ్చి ఆగిపోయానా నేను" అంది. "అయితే వాళ్లన్నది నిజమేలే."

మళ్లీ పరిగెత్తలేదు. షూస్ మా ఆడపడుచు కూతురికి ఇచ్చేసింది. ఇప్పుడు నడుం నొప్పికి మాత్రలు వేసుకుంటోంది, కాలవ గట్టు వైపు కూడా రాదు. నేను మాత్రం నిజంగానే పరిగెత్తుతున్నాను, కసిగా, ఎవరినో కొడుతున్నట్టు. ఏటేటా తీర్మానం పెంచుతున్నాను, నిలబెట్టుకుంటున్నాను. ఎన్ని దారులు పరిగెత్తినా ఆ ఒక్క దారి వైపు మాత్రం వెళ్లలేకపోయాను. ఇప్పుడు మళ్లీ డిసెంబరు. ఈసారి గుడివాడ నుంచే సముద్రం దాకా అని చెప్పమ్మా, కుర్రాళ్లకి స్ఫూర్తిగా ఉంటుంది అంటున్నారు పాస్టరుగారు. స్ఫూర్తి! ఆ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఆ మైకులో నిజం చెబుతానని మీకు మాటివ్వను. మాటలు ఇచ్చే జబ్బే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. క్షమించమని కూడా అడగను. క్షమించాల్సింది మీరు కాదు. రాసేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. అక్కతో అనాల్సిన మాట ఇప్పటికి ఒక్కసారైనా కాగితం మీద పెట్టగలిగాను: అవనిగడ్డ దాటాక దారి ఎంత దూరమో నాకు తెలియదక్కా, నేను పరిగెత్తలేదు.